పుట్టిన బిడ్డకు రక్తం ఎక్కువైందంటే...

పసిపిల్లల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, పిల్లల వైద్యుని సమాధానాలు

రక్తం తక్కువగా ఉందంటే ఏం చేయాలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఎంతోకొంత తెలిసి ఉంటుంది. రక్తం ఎక్కువగా ఉందని, అదీ నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డకని చెబితే మాత్రం ఇంటిల్లిపాదికీ ఏమీ పాలుపోదు. ఈసారి అందిన ఉత్తరాలలో ఐదు ఈ విషయం గురించే ఉన్నాయి కనుక మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికే వివరంగా సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మా పాప నెలలు నిండి, 2 కిలోల 900 గ్రాముల బరువుతో మామూలు కాన్పులో పుట్టింది. ఒళ్ళంతా కందినట్టు ఎర్రగా ఉండడంతో పుట్టిన రెండు మూడు గంటలకు మడమ మీద గుచ్చి రక్తపరీక్ష చేశారు. హెమటోక్రిట్ 71 వచ్చిందని, పాలిసైథీమియా, అంటే రక్తంలో ఎర్ర కణాలు మరీ ఎక్కువ కావడం, కావచ్చని చెప్పారు. గంట తిరగకముందే చేతి నరం నుంచి మళ్ళీ రక్తం తీసి, ఈసారి 63 వచ్చిందని, భయం లేదని అన్నారు. మర్నాడు 57కి దిగింది. మందు ఒక్కటీ ఇవ్వలేదు. ఇంత తొందరగా తగ్గిపోయే జబ్బు ఉంటుందా? లేక మొదటి పరీక్షే తప్పా? పాప ఇప్పుడు బాగానే పాలు తాగుతోంది. - ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ పాపకు వచ్చిన మూడు అంకెలూ నిజమైనవే, ఏ పరీక్షా తప్పు కాదు. అవి ఒకే రక్తాన్ని మూడు వేర్వేరు పరిస్థితులలో చూసిన అంకెలు. ఆ తేడా అర్థం కావాలంటే ముందు హెమటోక్రిట్ అంటే ఏమిటో తెలియాలి.

అగ్గిపుల్ల కంటే సన్నని గాజు గొట్టంలోకి రెండు మూడు చుక్కల రక్తం తీసుకుని, దాని ఒక కొసను మూసి, నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరిగే యంత్రంలో ఐదు నిమిషాలు తిప్పుతారు. బయటకు తీసి చూస్తే ఎర్ర రక్తకణాలన్నీ అడుగుకు చేరి ముదురు ఎరుపు స్తంభంలా నిలిచి ఉంటాయి, వాటిపైన లేత పసుపు రంగులో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, తేరుకుని ఉంటుంది. మొత్తం పొడవులో ఆ ఎర్రని భాగం నూటికి ఎంత ఉందో అదే హెమటోక్రిట్. పెద్దవాళ్ళలో ఇది సుమారు 40 దగ్గర ఉంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో 50 నుంచి 60 వరకు ఉండడం సహజం. పాలిసైథీమియా ఉన్న బిడ్డ రక్తాన్ని అలా తిప్పి చూస్తే పైన పసుపు పట్టీ ఒక చిన్న ముక్కలా మిగిలి, గొట్టమంతా ఎరుపే కనబడుతుంది. ఈ మధ్య చాలాచోట్ల ఈ లెక్కను ఆటోమేటిక్ యంత్రాలే కట్టి ఇస్తున్నాయి. గొట్టం తిప్పి చూసినప్పటి కంటే ఆ యంత్రాలలో అంకె కాస్త తక్కువగా వస్తుంది కాబట్టి, ఒక బిడ్డ విషయంలో ఒకే పద్ధతికి కట్టుబడి ఉండడం మంచిది.

పసిబిడ్డకు ఇంత రక్తం ఎందుకు? గర్భంలో బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు, ఆక్సిజన్ అంతా మాయ ద్వారానే అందాలి. మాయ నుంచి బిడ్డకు వెళ్ళే రక్తంలో ఆక్సిజన్ పీడనం పెద్దవాళ్ళ ధమనులలో ఉండే దానిలో దాదాపు మూడో వంతు మాత్రమే. అంత తక్కువ ఆక్సిజన్‌తో పెరగాలంటే దాన్ని మోసుకుపోయే కణాలు ఎక్కువ ఉండాలి. అందుకే గర్భస్థ శిశువు శరీరం ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేసుకుని, ఎర్ర కణాల సంఖ్యను పెంచుకుంటుంది. కనుక బిడ్డ ఎర్రగా పుట్టడం దానంతట అది జబ్బు కాదు, తొమ్మిది నెలలు ఉన్న చోటికి తగ్గ ఏర్పాటు మాత్రమే.

ఇక మూడు అంకెల సంగతి. పుట్టిన తరువాత మొదటి గంటల్లో రక్తంలోని నీటి భాగం కొంత రక్తనాళాల నుంచి పక్కనున్న కణజాలంలోకి జారుతుంది. దానివల్ల హెమటోక్రిట్ పెరుగుతూ పోయి, సుమారు రెండు గంటల వయసులో అన్నిటికంటే ఎక్కువ స్థాయికి చేరి, ఆ తరువాత 12 నుంచి 24 గంటలలో మళ్ళీ దిగివస్తుంది. మీ పాపకు మొదటి పరీక్ష సరిగ్గా ఆ శిఖరం దగ్గరే జరిగింది. పైగా అది మడమ రక్తం. పసిపిల్లల పాదాలు చల్లగా ఉంటాయి, అక్కడ సన్నని నాళాలలో రక్తం నెమ్మదిగా కదులుతుంది, కణాలు ఒకచోట గుమిగూడుతాయి. అందువల్ల మడమ నుంచి తీసిన రక్తంలో హెమటోక్రిట్ సిర (మీరు నరం అన్నది ఇదే) నుంచి తీసిన దానికంటే 5 నుంచి 15 శాతం వరకు ఎక్కువ చూపవచ్చు. గుచ్చే ముందు పాదాన్ని వెచ్చగా ఉంచితే తేడా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

అందుకే పాలిసైథీమియా అని పేరు పెట్టాలంటే సిర రక్తంలోనే హెమటోక్రిట్ 65 శాతం దాటాలి, లేదా హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 22 గ్రాములు మించాలి. నెలలు నిండి పుట్టిన వందమంది బిడ్డలలో ఒకరి నుంచి ఐదుగురి వరకు ఈ గీత దాటుతారు, వారిలోనూ చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. మీ పాప ఆ గీతను అసలు దాటనే లేదు. కనుక తగ్గిపోవడానికి అక్కడ జబ్బు అంటూ ఏదీ లేదు.

65 అనే గీతకు ఒక కారణం ఉంది. కణాలు పెరిగే కొద్దీ రక్తం చిక్కబడుతుంది. సుమారు 60, 65 వరకు ఆ చిక్కదనం మెల్లగా, ఒక క్రమంలో పెరుగుతుంది. అది దాటాక మాత్రం అంకె కొంచెం కదిలినా చిక్కదనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలాంటి రక్తం సిరంజిలోకి తీస్తున్నప్పుడే తెలిసిపోతుంది: నేరేడు పండు రంగులో, పిస్టన్‌ను వెనక్కి లాగుతున్నా వెంటనే రాకుండా, బద్ధకంగా కదులుతుంది. బిడ్డ మెదడులో, మూత్రపిండాలలో, పేగులలో వెంట్రుక కంటే సన్నని నాళాల గుండా అదే రక్తం పారాలి.

ఒక మాట నా అనుభవం నుంచి చెబుతాను. శిక్షణలో ఉన్న రోజులలో ఒక బిడ్డ మడమ రక్తం 70 దాటిందని చూసి, ఇంకేమీ ఆలోచించకుండా తల్లి పక్కనుంచి తీసి లోపలి వార్డుకు పంపించాను. తరువాత సిర నుంచి తీస్తే 61 వచ్చింది. ఆ తల్లి మాత్రం అప్పటికే సగం పూట బిడ్డ కోసం తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ తప్పు నాది. మడమ అంకె మనల్ని అప్రమత్తం చేయడానికి పనికి వస్తుంది, చికిత్స నిర్ణయించడానికి పనికిరాదు అని అప్పటినుంచి నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. మీ ఆస్పత్రివారు గంటలోపే సిర నుంచి తీసి చూశారు. సరైన పనే చేశారు.

ప్రశ్న: నాకు గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. బాబు 3 కిలోల 900 గ్రాములతో పుట్టాడు. మొదటి రోజే ముద్దగా పడుకుని ఉండేవాడు, పాలకు నోరు తెరిచేవాడు కాదు, ముట్టుకుంటే చేతులు వణికేవి. బాబుకు షుగర్ పడిపోయిందని, నరం నుంచి తీసిన రక్తంలో హెమటోక్రిట్ 72 ఉందని చెప్పి, బొడ్డు దగ్గర సన్నని గొట్టం పెట్టి దాదాపు 75 మిల్లీలీటర్ల రక్తం తీసి, ఆ స్థానంలో సెలైన్ ఎక్కించారు. రక్తం తీసేసి ఉప్పునీళ్ళు పోయడమేమిటని మావాళ్ళు ఇప్పటికీ బాధపడుతున్నారు. అది అవసరమేనా? బాబు మెదడుకు ఏమైనా అవుతుందా? - ఒక తల్లి

సమాధానం: ముందుగా మీ బాధను కొంత తగ్గించే మాట: మీ బాబుకు చేసినది ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్న చికిత్స. దాని పేరు పాక్షిక రక్తమార్పిడి. పేరులో మార్పిడి అని ఉన్నా, మరొకరి రక్తం బాబుకు ఎక్కించలేదు, బాబు రక్తమంతా తీసేయనూ లేదు.

తీసే రక్తానికి ఒక లెక్క ఉంది. పసిబిడ్డ శరీరంలో కిలో బరువుకు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 80 చొప్పున చూస్తే మీ బాబుకు సుమారు 312 మిల్లీలీటర్లు. హెమటోక్రిట్‌ను 72 నుంచి 55కు దించాలనుకుంటే ఆ రెంటి మధ్య తేడా 17. ఆ 17ను 72తో భాగించి, వచ్చినదాన్ని 312తో గుణిస్తే దాదాపు 74 వస్తుంది. మీకు చెప్పిన 75 అలా వచ్చినదే. దాన్ని కూడా ఒక్కసారిగా తీయరు. పది, ఇరవై మిల్లీలీటర్ల చొప్పున కొంచెం తీయడం, అంతే సెలైన్ ఇవ్వడం, గుండె వేగాన్ని, శ్వాసను మానిటర్‌లో గమనిస్తూ మళ్ళీ కొంచెం తీయడం, ఇలా నిదానంగా సాగుతుంది. తీసినంతా తిరిగి నింపుతారు కనుక బాబు శరీరంలో ఉన్న ద్రవం తగ్గలేదు, అందులో కణాల సాంద్రత మాత్రమే తగ్గింది. నింపకుండా ఉత్తగా రక్తం తీసేస్తే చిక్కదనం సంగతి అటుంచి రక్తపోటు పడిపోయి బిడ్డ ప్రమాదంలో పడతాడు. ఒకప్పుడు సెలైన్ బదులు దాతల ప్లాస్మా వాడేవారు. సెలైన్ కూడా అంతే బాగా పనిచేస్తుందని, దాతల రక్తం ద్వారా సోకే ఇన్ఫెక్షన్ల భయం ఇందులో లేదని తేలాక, ఇప్పుడు సెలైన్‌కే ప్రాధాన్యం ఇస్తున్నారు. మీవాళ్ళు ఉప్పునీళ్ళు అంటున్నది శరీర ద్రవాలకు సరిపడే గాఢతలో, సూక్ష్మక్రిములు లేకుండా తయారైన ద్రవం అని వారికి చెప్పండి.

తల్లికి షుగర్ ఉంటే బిడ్డకు ఇలా ఎందుకు అవుతుంది? మీ రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ మాయ దాటి బాబుకు చేరింది. దాన్ని సర్దుకోవడానికి బాబు క్లోమం ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసింది. ఆ ఇన్సులిన్ వల్ల బాబు ఒళ్ళు చేశాడు, అదే సమయంలో అతని కణాలు ఆక్సిజన్‌ను ఎక్కువగా ఖర్చు చేశాయి. మాయ అందించే ఆక్సిజన్ ఆ ఖర్చుకు చాలక, శరీరం ఎర్ర కణాలను పెంచుకుంది. పుట్టగానే బొడ్డుతాడుతో పాటు గ్లూకోజ్ సరఫరా తెగిపోయింది గానీ ఇన్సులిన్ వెంటనే తగ్గలేదు, దానికి తోడు ఎక్కువగా ఉన్న ఎర్ర కణాలు కూడా గ్లూకోజ్‌నే తింటాయి. షుగర్ పడిపోవడానికి ఈ రెండూ కలిసి కారణమయ్యాయి. ఇందులో మిమ్మల్ని మీరు నిందించుకోవలసింది ఏమీ లేదని నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ రావడం మీ నిర్లక్ష్యం కాదు.

అవసరమేనా అన్న ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాలి. హెమటోక్రిట్ 65 దాటి ఉండి, ముద్దగా పడుకోవడం, పాలు తాగకపోవడం, వణుకు, ఆయాసం, ఒళ్ళు నీలంగా మారడం, మూర్ఛ వంటి లక్షణాలు కూడా ఉంటే చాలామంది వైద్యులు ఈ చికిత్సకే మొగ్గుతారు. మీ బాబు ఆ కోవకు చెందుతాడు. అయితే షుగర్ పడిపోయినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, కాల్షియం తగ్గినా ఇవే లక్షణాలు వస్తాయి కనుక ముందు వాటిని చూసి సరిచేయాలి. లక్షణాలేమీ లేకుండా 65, 70 మధ్య ఉన్న బిడ్డలను పాలు బాగా పట్టిస్తూ, షుగర్ చూస్తూ, కొన్ని గంటలకొకసారి పరీక్ష మళ్ళీ చేస్తూ గమనించడమే సరిపోతుంది. 70 దాటి లక్షణాలు లేని బిడ్డల విషయంలో వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. కొందరు డ్రిప్ పెట్టి ద్రవం పెంచి చూస్తారు, 75 దాటితే లక్షణాలు లేకపోయినా రక్తమార్పిడి చేద్దామనే వాళ్ళూ ఉన్నారు.

మెదడు విషయంలో మీకు కొంత నిజం, కొంత ఓపిక రెండూ కావాలి. ఈ చికిత్స రక్తపు చిక్కదనాన్ని తగ్గిస్తుంది, రక్త ప్రవాహాన్ని మెరుగుపరుస్తుంది. కానీ పెద్దయ్యాక పిల్లల మెదడు ఎదుగుదలలో తేడా తెస్తుందా అని పరిశీలించినప్పుడు, లక్షణాలు లేని బిడ్డలకు గానీ స్వల్ప లక్షణాలున్న బిడ్డలకు గానీ అలాంటి మేలు జరుగుతున్నట్టు రుజువు కాలేదని, పేగులకు వచ్చే ఒక తీవ్రమైన జబ్బు ముప్పు కొంత పెరగవచ్చని 2010లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసే సమీక్ష) తేల్చింది. ఈ చికిత్సను అంకెను మాత్రమే చూసి చేయకూడదని నేను అనడానికి కారణం అదే. ఆ బిడ్డలకు ముందుముందు ఏమవుతుందనేది చాలావరకు గర్భంలో వారికి ఆక్సిజన్ ఎలా అందింది, పుట్టాక షుగర్ ఎంతసేపు తక్కువగా ఉంది అనే వాటి మీద ఆధారపడుతుంది. మీ బాబు షుగర్‌ను మొదటి రోజే గుర్తించి సరిచేశారు, అది మంచి విషయం. మెడ నిలపడం, ముఖం చూసి నవ్వడం, వస్తువు కోసం చెయ్యి చాచడం, కూర్చోవడం సమయానికి జరుగుతున్నాయో లేదో టీకాలకు వెళ్ళిన ప్రతిసారీ పిల్లల వైద్యుడికి చూపించండి. కాన్పు నాటి డిశ్చార్జి కాగితాలు పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. వచ్చే గర్భానికి షుగర్‌ను మొదటి నుంచే అదుపులో ఉంచుకుంటే ఇది మళ్ళీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: కాన్పు గదిలో నేను మా ఆవిడ పక్కనే ఉన్నాను. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోయకుండా రెండు నిమిషాల దాకా ఆగారు. తరువాత బిడ్డకు రక్తం ఎక్కువగా ఉందని తెలిసింది, ఒక రోజు లైటు కింద పెట్టారు. ఆలస్యం చేయడం వల్లే ఇలా అయిందా? - ఒక తండ్రి

సమాధానం: కొంత సంబంధం ఉంది, కానీ అది పొరపాటు కాదు. బిడ్డ బయటకు వచ్చాక కూడా మాయలో బిడ్డ రక్తం మిగిలి ఉంటుంది. తాడు కోయకుండా ఆగితే మొదటి నిమిషంలో సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు దాదాపు 100 మిల్లీలీటర్లు బిడ్డకు చేరుతుంది. అది పరాయి రక్తం కాదు, తన సొంత రక్తమే బిడ్డ దగ్గరకు వస్తోంది. ఆ కణాలలోని ఇనుమే తరువాతి ఆరు నెలలకు బిడ్డకు నిల్వ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిమిషం లోపు తాడు కోయవద్దని సూచించడానికి కారణం ఇదే. బిడ్డకు వెంటనే శ్వాస అందించవలసి వస్తే మాత్రం ఆగరు.

ఆగడం వల్ల హెమటోక్రిట్ కొంత పెరుగుతుంది, కామెర్లకు లైటు చికిత్స అవసరమయ్యే పిల్లల సంఖ్య కూడా కొద్దిగా పెరుగుతుంది. కానీ రక్తం చిక్కబడి బిడ్డలు జబ్బు పడడం దానివల్ల చెప్పుకోదగ్గంతగా పెరగలేదని పరిశోధనలు చెబుతున్నాయి. కామెర్ల లెక్క తేలికైనదే. ఒక గ్రాము హిమోగ్లోబిన్ విచ్ఛిన్నమైతే కామెర్లకు కారణమైన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం దాదాపు 34 మిల్లీగ్రాములు తయారవుతుంది. ఎక్కువ కణాలతో పుట్టిన బిడ్డలో అవి విరిగే కొద్దీ ఆ పసుపు ఎక్కువగా వస్తుంది, పసి కాలేయానికి దాన్ని వదిలించుకునే వేగం ఇంకా ఉండదు. లైటు చర్మంలోని బిలిరుబిన్‌ను శరీరం బయటకు పంపగలిగే రూపంలోకి మారుస్తుంది. ఒక రోజు లైటు కింద ఉన్నందుకు ప్రతిగా మీ బిడ్డకు ఆరు నెలల ఇనుము దక్కింది. నా బిడ్డ అయినా నేను ఆ రెండు నిమిషాలూ ఆగమనే చెబుతాను.

తాడు ఆలస్యంగా కోయడం ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో కారణాలు ఉంటాయి. గర్భంలో సరిగా ఎదగక తక్కువ బరువుతో పుట్టిన వాళ్ళు, తేదీ దాటిపోయాక పుట్టిన వాళ్ళు, తల్లికి రక్తపోటు వల్ల మాయ సరిగా పనిచేయని వాళ్ళు, తల్లి పొగ తాగిన వాళ్ళు, ఎత్తైన కొండ ప్రాంతాలలో పుట్టిన వాళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉన్న వాళ్ళు, ఇలా చాలామందిలో రక్తకణాలు ఎక్కువగా ఉంటాయి. వీరిలో చాలామంది విషయంలో మూలం ఒక్కటే: గర్భంలో ఆక్సిజన్ చాలకపోవడం.

ప్రశ్న: మనవరాలు ఎర్రగా బుర్రగా ఉందని మేమంతా సంతోషించాం. అది రంగు కాదు, రక్తం చిక్కదనం అని డాక్టర్లు చెప్పాక గుండె జారిపోయింది. మూడు రోజులకు ఇంటికి పంపించారు. రక్తం చిక్కగా ఉంది కదా, పలచబడడానికి కాచి చల్లార్చిన నీళ్ళు గానీ పంచదార నీళ్ళు గానీ పట్టవచ్చా? పొద్దున్నే ఎండలో ఉంచుతున్నాం, సరేనా? - ఒక అమ్మమ్మ

సమాధానం: అమ్మగారూ, మీ ఆలోచన వెనుక ఉన్న తర్కం సబబుగానే అనిపిస్తుంది, చిక్కబడిన దాంట్లో నీళ్ళు పోస్తే పలచబడుతుంది కదా అని. కానీ పసిబిడ్డ విషయంలో నీళ్ళు పట్టవద్దు. చిన్న పొట్ట నీళ్ళతో నిండితే పాలు తాగదు, పాలు తగ్గితే షుగర్ పడిపోతుంది, నీళ్ళు ఎక్కువైతే రక్తంలో సోడియం తగ్గి మూర్ఛ కూడా రావచ్చు. పంచదార నీళ్ళు కూడా వద్దు. తల్లిపాలలోనే నూటికి 87, 88 వంతులు నీరు ఉంటుంది. రెండు మూడు గంటలకొకసారి, రాత్రి పూట కూడా, అవసరమైతే నిద్ర లేపి మరీ పాలు పట్టించండి. రక్తాన్ని పలచబరచడానికి మీ ఇంట్లో ఉన్న మందు అదే.

దీనికి సంబంధించి ఒక సంగతి చెప్పాలి. రెండో రోజో మూడో రోజో హెమటోక్రిట్ పెరిగిందంటే కణాలు పెరిగాయని అనుకోకూడదు, చాలాసార్లు బిడ్డకు పాలు చాలక ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. పుట్టిన బరువులో పదో వంతుకు మించి తగ్గినా, మూడో రోజు దాటాక కూడా రోజుకు రెండు మూడు సార్లే మూత్రం పోస్తున్నా పాలు అందడం లేదని గుర్తు. అప్పుడు చేయవలసింది రొమ్ము పట్టే తీరు సరిచేసి పాలు అందేలా చూడడం, రక్తం తీయడం కాదు.

ఇక ఎండ. కామెర్లు తగ్గుతాయని చాలామంది బిడ్డను ఎండలో ఉంచుతారు. ఎండలో ఉంచితే ఒళ్ళు వేడెక్కి ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం కమిలిపోవచ్చు, పైగా నిజంగా చికిత్స కావలసిన కామెర్లను ఎండ నమ్మకంతో ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. ఎండ మానేసి, పగటి వెలుతురులో బిడ్డను చూడండి. నుదుటి మీద గానీ ఛాతీ మీద గానీ వేలితో మెల్లగా నొక్కి వదిలితే చర్మం పసుపుగా కనబడుతుందా, ఆ పసుపు పొట్ట దాటి కాళ్ళ దాకా దిగిందా అని గమనించండి. దిగితే అదే రోజు తీసుకెళ్ళండి. బిడ్డ పాలు మానేసినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి పీలుస్తున్నా, పెదవులు, నాలుక నీలంగా మారినా, పొట్ట ఉబ్బినా, మలంలో గానీ మూత్రంలో గానీ రక్తం కనబడినా, చేతులు కాళ్ళు లయగా కొట్టుకున్నా తెల్లవారే దాకా ఆగవద్దు. అరచేతులు, పాదాలు మాత్రమే నీలంగా ఉండి, నాలుక గులాబీ రంగులో ఉంటే అది మొదటి రోజులలో చాలామంది బిడ్డలలో కనిపించేదే.

మనవరాలు బాగుంది కాబట్టే ఇంటికి పంపించారు. నెమ్మదిగా ఆ ఎరుపు తగ్గి తన సహజమైన రంగు తేలుతుంది. అప్పుడు బిడ్డ పాలిపోయిందని మళ్ళీ కంగారు పడకండి.

ప్రశ్న: మాకు కవల పిల్లలు. ఒకడు ఎర్రగా, ఒకడు తెల్లగా పాలిపోయి పుట్టారు. ఒకరికి రక్తం ఎక్కువ, ఒకరికి తక్కువ అన్నారు. ఎర్రగా ఉన్నవాడికి ఇది పెద్దయ్యాక రక్త క్యాన్సర్ అవుతుందని ఎవరో చెప్పారు. ఇనుము మందు ఇవ్వవచ్చా? - ఒక తల్లి

సమాధానం: మీ పిల్లలిద్దరూ ఒకే మాయను పంచుకుని ఉంటారు. అలాంటి మాయలో ఇద్దరి రక్తనాళాలు అక్కడక్కడా కలుస్తాయి. ఆ కలిసిన చోట ప్రవాహం ఒకవైపే ఎక్కువగా సాగితే ఒకడి రక్తం మరొకడికి చేరుతుంది. ఇచ్చినవాడు పాలిపోతాడు, పుచ్చుకున్నవాడు ఎర్రబడతాడు. మనం సాధారణంగా ఎర్రగా ఉన్నవాడు ఆరోగ్యంగా ఉన్నాడని, పాలిపోయినవాడికే చికిత్స కావాలని అనుకుంటాం. నిజానికి ఇద్దరినీ సమానంగా గమనించాలి, ఎర్రగా ఉన్నవాడికి షుగర్, కామెర్లు, శ్వాస మరింత జాగ్రత్తగా చూడాలి.

క్యాన్సర్ మాట పూర్తిగా అపోహ. పెద్దవాళ్ళకు వచ్చే పాలిసైథీమియా వీరా అనే జబ్బులో ఎముక మజ్జ కణాలలో జన్యువు మారి, ఏ అవసరమూ లేకుండానే కణాలు తయారవుతూ పోతాయి. పసిబిడ్డ విషయంలో మజ్జలో ఏ లోపమూ లేదు. రక్తం బయటినుంచి వచ్చి చేరింది, లేదా గర్భంలో ఆక్సిజన్ చాలక పెరిగింది. రెండింటి పేరులోనూ పాలిసైథీమియా అనే మాట ఉండడం వల్ల ఇంత భయం పుట్టింది.

పుట్టాక ఊపిరితిత్తుల ద్వారా ఆక్సిజన్ పుష్కలంగా అందుతుంది కనుక ఎరిత్రోపాయిటిన్ తగ్గిపోతుంది, కొత్త కణాల తయారీ కొన్ని వారాలు మందగిస్తుంది. పాత కణాలు 60 నుంచి 90 రోజులే బతుకుతాయి. అందువల్ల నెలలు నిండి పుట్టిన ఏ బిడ్డకైనా రెండు, మూడు నెలల వయసులో హిమోగ్లోబిన్ 9 నుంచి 11 వరకు దిగుతుంది. పుట్టినప్పుడు 22 ఉన్నవాడికి ఇప్పుడు 10 అని రిపోర్టు చూసి అదిరిపడనవసరం లేదు. ఇనుము సంగతి ఇద్దరికీ ఒకేలా నిర్ణయించవద్దు. పాలిపోయి పుట్టినవాడి నిల్వలు తక్కువగా ఉంటాయి కనుక అతనికి ముందుగా అవసరం పడవచ్చు, ఎర్రగా పుట్టినవాడికి కొంతకాలం ఆగవచ్చు. రెండు నెలలకు ఇద్దరినీ తీసుకెళ్ళినప్పుడు ఎవరి రిపోర్టు వారి పేరుతో విడివిడిగా అడిగి తీసుకుని, దాన్నిబట్టి ఇద్దరికీ వేర్వేరుగా మోతాదు రాయించుకోండి.